పద్దెనిమిదో ఫారం

జిగురు బాబాయికి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, గోకినా రాకుండా అతుక్కుపోయింది. లైబ్రరీ వెనక గదిలో ముప్పై రెండేళ్ళుగా ఆయన చిరిగిన పుస్తకాలు విప్పి, మళ్ళీ కుట్టి, కొత్త అట్టలు వేస్తున్నాడు. పదహారు పేజీల కట్టను ఫారం అంటారు. ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున చీమ తలకాయంత నంబరు ఉంటుంది. దాని ప్రకారం పేర్చి కుట్టడమే బైండరు పని.

"నా చేతిలో ఒక్క ఫారం తారుమారైందని ఎవడైనా చూపించమనండి, ఆ రోజే కత్తి కింద పెట్టేస్తా," అని ఆయన మీసం దువ్వుకునేవాడు. మనిషి మంచివాడే, కాదనను. గొప్పలు చెప్పుకోకుండా మాత్రం ఉండలేడు.

ఇంకో విచిత్రం, ఇన్ని పుస్తకాలు కుట్టినవాడు ఒక్కటీ చదవలేదు. ఎవరైనా అడిగితే, "వంటవాడు రుచులు చూస్తూ కూర్చుంటే వడ్డించేదెవరు?" అని ఎదురడిగేవాడు. పిన్నికి ఇది ఒళ్ళు మంట. ఆవిడ కూరలు తరుగుతూ చదువుతుంది, పొయ్యి దగ్గర చదువుతుంది, పాలు పొంగించి మరీ చదువుతుంది. "ముప్పై రెండేళ్ళయింది ఈ ఇంటికొచ్చి. ఒక్క కథ గురించి నాతో మాట్లాడితే మీ నోరేమైనా అరిగిపోతుందా?" అని అడిగీ అడిగీ ఆవిడ నోరే అరిగింది.

ఆ రోజుల్లో 'తొమ్మిది ద్వారాల రాజ్యం' అనే పెద్ద గాథ కోసం లైబ్రరీలో జనం ఎగబడేవారు. రాజులు, రెక్కల గుర్రాలు, మంత్రగత్తెలు, అయిదు భాగాలు. మూడో భాగం రెండు ప్రతులు వచ్చాయి. నెల తిరక్కుండానే ఒక ప్రతి పీలికలై బాబాయి బల్ల మీదికి చేరింది. ఆయన దాన్ని కుట్టి, నలిగిన అంచులు కాస్త లోతుగా కోసి, నిగనిగలాడే అట్ట వేసి పంపాడు. కళ్ళజోడు మార్చమని డాక్టరు చెప్పి అప్పటికే ఏడాది దాటింది. "నా కళ్ళు వేళ్ళలో ఉన్నాయి లెండి," అని ఆ డాక్టరు దగ్గర కూడా కోతలు కోసొచ్చాడు.

తర్వాత మొదలైంది అసలు రగడ. లైబ్రరీలో పాఠకులు అభిప్రాయాలు రాసే పుస్తకం ఒకటుంది. మూడో భాగం మీద అందులో ఒకరు, "నాలుగు వందల పేజీలూ నడకే. చదివిన నాకు పిక్కలు పట్టేశాయి," అని రాశారు. దాని కిందే పోస్టుమ్యాన్, "ఇంత గొప్ప భాగం ఇంకోటి లేదు! చచ్చిన ముసలి సేనాని లేచొచ్చి రొట్టె తింటాడు. ఎలా లేచాడో రచయిత చెప్పనే చెప్పడు. అదీ దమ్మంటే!" అని రాశాడు. రిటైరైన లెక్కల మాస్టారు దాని కింద ఎర్ర సిరాతో, "సేనాని లేవడమేమిటి? చచ్చాడు. పూడ్చారు. వాన కూడా కురిసింది," అని దిద్దారు. ఇక చూడండి, టీకొట్టు దగ్గర రెండు జట్లు, బస్సులో రెండు జట్లు. మంగలి గడ్డం సగం గీసి ఆపి, "లేచాడా, లేవలేదా?" అని తేల్చుకున్నాకే మిగతా సగం గీసేవాడు.

ఒక సాయంత్రం పిన్ని అన్నం వడ్డిస్తూ తన వాటా పొగడ్త మొదలుపెట్టింది.

"ఏం రాశాడండీ! సేనానికి బాణం తగులుతుంది, పూడ్చేస్తారు. ఆ తర్వాత వాన. 'రాకుమారుడు కన్నీళ్ళు తుడుచుకుని' అని వాక్యం సగంలో తెగిపోతుంది. పేజీ తిప్పితే నది దాటుతున్న గుర్రాలు! దుఃఖంతో గొంతు తెగినట్టు వాక్యమే తెగిందండీ."

బాబాయి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వాక్యం సగంలో తెగితే చదివేవాళ్ళకు అది గొప్ప కవిత్వం కావచ్చు. బైండరుకు మాత్రం అది తారుమారైన ఫారం. ఆయన ఎంగిలి చేత్తోనే లేచి, పిన్ని లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం తెరిచాడు, తను కుట్టిందే. కట్టలు లెక్కపెట్టి చూస్తే, పదిహేను తర్వాత పద్దెనిమిది, పదిహేడు, ఆ తర్వాత పదహారు పడి ఉండాలి. అందుకే ముందు చచ్చినవాడు వెనక రొట్టె తింటున్నాడు. అడుగున నంబరు చూద్దామంటే అంచు లోతుగా కోసినప్పుడు ఫారం నంబర్లూ పేజీ నంబర్లూ అన్నీ ఎగిరిపోయాయి. దొంగే సాక్ష్యాన్ని కోసి చెత్తబుట్టలో వేసుకున్నాడన్నమాట.

"ఏమైందండీ?" అంది పిన్ని.

"ఏం లేదు. కుట్టు చూస్తున్నా," అన్నాడు.

ఆ రోజు నుంచి బాబాయి కుక్కిన పేను. బయటపడితే పరువు సంగతి దేవుడెరుగు, అసలు పనే పోతుంది. లైబ్రరీ పుస్తకాలు లేకపోతే ఆయన గదిలో ఉండేది జిగురు డబ్బా ఒక్కటే. పెద్ద వీధిలో మిషను బైండింగు వాళ్ళు ఎప్పుడెప్పుడా అని కాచుక్కూర్చున్నారు కూడాను.

గొడవ తేల్చడానికి లైబ్రరీ మేడమ్ ఆదివారం సమావేశం పెట్టింది. మంచి ప్రతి పట్టుకుని ఒకాయన నెల రోజులు ఊరెళ్ళాడు. బల్ల మీద ఉన్నది బాబాయి కుట్టినదే. పోస్టుమ్యాన్ దాన్ని టక్కున తెరిచి చదివాడు.

"ఇదిగో పూడ్చారు. ఇదిగో, ఇక్కడ రొట్టె తింటున్నాడు! మాస్టారూ, తమరు చదవలేదు, పేజీలు తిప్పారంతే."

అందరూ గొల్లున నవ్వారు. మాస్టారు నలభై ఏళ్ళలో చదవకుండా ఒక్క పరీక్ష పేపరు దిద్దిన మనిషి కాదు. పుస్తకం అందుకుని ఆ పేజీ ఒకసారి చదివారు, ఇంకోసారి చదివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నిజమేనమ్మా, ఉంది," అన్నారు మేడమ్‌తో, చాలా మెల్లగా. "నాకేమో సేనానిని పూడ్చి వెళ్ళిపోయినట్టే జ్ఞాపకం. మా నాన్నగారికీ ఇలాగే మొదలైంది. నాకూ మతి తప్పుతోందేమో."

వెనక వరసలో కూర్చున్న బాబాయికి ఆ మాటలన్నీ వినబడ్డాయి. నోరు మూసుకుంటే పని దక్కుతుంది. కానీ ఆ పెద్దాయన ఇంటికెళ్ళి రేపటి నుంచి తాళంచెవి ఎక్కడ పెట్టానా అనుకున్నప్పుడల్లా హడలి చస్తాడే! బాబాయి లేచి నిలబడ్డాడు.

"మాస్టారి మతి శుభ్రంగా ఉందమ్మా. తప్పింది నా చెయ్యి. నంబర్లు కనబడక ఫారాలు అటుదిటూ ఇటుదటూ కుట్టాను. పైగా నాలుగు రోజులుగా తెలిసీ తేలుకుట్టిన దొంగలా ఊరుకున్నాను."

మాస్టారు ఊపిరి పీల్చుకుని, "హమ్మయ్య!" అన్నారు. బాబాయిని తిట్టాలన్న సంగతే ఆయనకు తట్టలేదు.

"అంటే... సేనాని నిజంగానే పోయాడా?" అన్నాడు పోస్టుమ్యాన్. పాపం, సొంత మేనమామ పోయినట్టు కుర్చీలో కూలబడ్డాడు. "బాబాయి కుట్టిందే బాగుంది, అలాగే ఉంచండి," అని ఎవరో అరిచారు కూడా.

మేడమ్ ఒప్పుకోలేదు. "విప్పి, సరిగ్గా కుట్టి పది రోజుల్లో తెండి, బాబాయ్. ముందు కళ్ళజోడు మార్చుకోండి. ఇది కూడా తప్పితే ఇక మీకు పుస్తకాలు పంపను," అంది.

కొత్త కళ్ళజోడు పెట్టుకుని బాబాయి కుట్టు విప్పాడు. మిగతావైనా సరిగ్గా ఉన్నాయన్న నమ్మకం ఆయనకు పోయింది. నంబర్లు లేవు, పోల్చుకుందామంటే రెండో ప్రతి లేదు. ఏ ఫారం ఎక్కడిదో తెలియాలంటే చదవడమొక్కటే దారి. ఖర్మరా భగవంతుడా అనుకుంటూ మొదలుపెట్టాడు.

మూడో రోజు భోజనాల దగ్గర, "ఏమేవ్, ఆ రాకుమారుడికి బొత్తిగా బుద్ధి లేదే!" అన్నాడు. పిన్ని గరిట గిన్నెలో వదిలేసి ఎదురుగా చతికిలబడింది. ఆ పూట వాళ్ళ చేతులు ఎండిపోయేదాకా మాట్లాడుకున్నారు. అయిదో రోజు, "సేనాని ముసలాడు భలేవాడే. తన రొట్టెలో సగం గుర్రానికి పెట్టాడు చూశావా?" అన్నాడు. పిన్ని కొంగుతో కళ్ళొత్తుకుని, "చూశానండీ," అంది. గుర్రం కోసం కాదు.

పదో రోజు పుస్తకం రాలేదు. పన్నెండో రోజు మేడమే గదికి వచ్చింది. బల్ల మీద సగం కుట్టిన పుస్తకం, పక్కన సూదీ దారం. బాబాయి ఒక ఫారం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమిటిది బాబాయ్? మళ్ళీ ఫారాలు కలవలేదా?"

"కలిశాయమ్మా. పదిహేడు దాకా కుట్టాను," అన్నాడు బాబాయి తలెత్తకుండా. "ఇక్కడిదాకా ఆయన బతికే ఉన్నాడు."

మేడమ్ బల్ల దగ్గరికి వచ్చింది. ఆయన ఒళ్ళోని పద్దెనిమిదో ఫారం వంక చూసింది.

"సరే, ఆయన్ని బుధవారం దాకా ఉండనివ్వండి," అంది.