మామ గిటారు శ్రుతి

మా మేనమామది మర్రిగూడ దిక్కు ఊరు. వాళ్ల చర్చిలో గిటారు వాయించేది ఆయన ఒక్కడే. అక్కడి బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఆయన మోకాళ్లను ముందు పట్టింది, తర్వాత మెడను, ఆఖరుకు వేళ్లను. వెనక్కి చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. "నేను తిరిగితే పూర్తిగనే తిరుగుతరా, సగం తిరుగుడు నాకు చాతకాదు" అనేవాడు. కొన్నాళ్లకు నల్లాలో నది నీళ్లు వచ్చాయి. ఆ సంగతి అప్పటికే బిగుసుకుపోయిన ఆయన వేళ్లకు ఆలస్యంగా తెలిసింది.

మామ పోయి ఏడాది కావస్తుండగా, జ్ఞాపకార్థ కూటానికి రెండు రోజుల ముందు ఆయన కూతురు, అంటే నా మరదలు, ఫోన్ చేసింది. మామ తానే కట్టుకున్న ఒక పాటను ప్రతి ఆదివారం ఆరాధన చివర వాయించేవాడు. దాన్ని ఆయన గిటారు మీదే తాను వాయించాలని ఆమె పట్టు. చేతకాకపోతే కీబోర్డు మీద కానిచ్చేద్దామని పాస్టరుగారు మెత్తగా చెప్పారట.

"బావా, నెలల సంది నేర్చుకుంటున్న. వస్తలేదు. జర నీ కంప్యూటర్ల పెట్టి, ఏడ ఏలు పెట్టాల్నో నంబర్లు తీసియ్యి."

నేను పాలమూరులో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. సంగీతం రాసే సాఫ్ట్‌వేర్ నా తీరికవేళ వ్యసనం. దానితో ఎవరికైనా పని పడటం అదే మొదటిసారి కాబట్టి శనివారం పొద్దున బస్సెక్కాను.

మామ ఫోన్‌లో ఆ పాట రికార్డు ఉంది. విని, స్వరాలన్నీ నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. ఆరు తీగలకు ఆరు గీతలు, ఒక్కో గీత మీద, గిటారు మెడపై వేలు పెట్టాల్సిన మెట్టు అంకె. సాఫ్ట్‌వేర్ ఆ అంకెలు వేసింది. చూస్తే ఒకే చేయి ఒకే క్షణంలో మొదటి మెట్టు మీదా తొమ్మిదో మెట్టు మీదా ఉండాలంటోంది. రెండు స్వరాలకైతే అసలు జాగా దొరకక ఎర్రగా మారాయి.

"గిది మనిషి చెయ్యేనా?" అంది మరదలు.

"మీ నాయినదే. కాకపోతే కంప్యూటర్ నమ్ముతలేదు."

ఆ అంకెలన్నీ గిటారుకు మామూలు శ్రుతి ఉందనుకుని వేసినవి. మామ వేరే శ్రుతి పెట్టుకుని ఉండాలి. గిటారు చూద్దామంటే, ఆయన పోయిన వారానికే సంఘం యువకులు దానికి కొత్త తీగలు వేసి, ఫోన్ చూసుకుంటూ మామూలు శ్రుతి చేసి, తుడిచి ఇచ్చారు. ప్రేమతోనే చేశారు. ప్రేమతో తుడిచింది మళ్లీ దొరకడం కష్టం.

రికార్డులో ఒక రొద ఉంది. ఫ్యాన్ చప్పుడనుకుని వదిలేశాను.

"ఫ్యానా?" అంది మరదలు. "ఇది తీసిన్నాడు కరెంటే లేదు బావా. నాయినను ఆరుబయటకు పోయి వాయించుకోమంటే ఇనలే."

రికార్డును మళ్లీ మొదటి నుంచి పెట్టాను. అయితే ఆ రొద తీగదే. అన్నిటికన్నా లావు తీగను బాగా దించి, వేలు పెట్టకుండా మోగనిచ్చేవాడన్న మాట. ఫోన్‌లో అంత కింది స్వరం సరిగ్గా పట్టదు, ఏ స్వరమో తెలియదు. ఆ గీత మీద సున్నా, అంటే వేలు పెట్టని తీగ గుర్తు, వేసి, చర్చి నుంచి పెద్ద స్పీకరు తెచ్చి కలిపాను. సాఫ్ట్‌వేర్‌లో ఆరో తీగ శ్రుతిని ఒక్కో స్వరం దించుతూ పాటను మోగించడం మొదలుపెట్టాను. మిట్ట మధ్యాహ్నం. అత్త వంటింట్లో మాకు వీపు పెట్టి ఉల్లిగడ్డలు కోస్తోంది.

ఒకసారి దించాను, ఏమీ లేదు. ఇంకోసారి దించాను. మరోసారి దించేసరికి, వంటింటి సజ్జ మీది బియ్యం డబ్బా మూత గరగరమని వణకసాగింది.

అత్త తల తిప్పలేదు. కత్తి ఆపలేదు.

"ఏందయ్యా, జర మెల్లగ! మళ్ల మూత కిందపడ్తది."

మరదలు నా వైపు చూసింది. నేను పాట ఆపాను. మూత ఆగింది. కత్తి కూడా ఆగింది.

"అమ్మా, ఎవలతోని మాట్లాడుతున్నవ్?"

అత్త కోసిన ముక్కలను ఒక పక్కకు జరిపింది. "ఎవలతోని లేదు" అంది చివరకు. "పెట్టు అల్లుడా. మీ మామ వాయించినా గంతనే ఉండె."

నేను డిగ్రీలో భౌతికశాస్త్రం చదివాను. ఏ కంపనానికి ఏ వస్తువు ఎందుకు వణుకుతుందో బోర్డు మీద వేసి చెప్పగలను. ఆ పూట ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ తీగ దొరికాక మిగతావాటిని దానికి పొత్తు కుదిరేలా మార్చడం తేలికే అయింది. మార్చి నొక్కగానే తెర మీది ఎరుపు పోయింది. అంకెలన్నీ తామే సర్దుకున్నాయి. ఒక వరుసలో ఆరు సున్నాలు, తర్వాత ఆరు ఐదులు, తర్వాత ఆరు ఏడులు. పాట పొడుగునా అంతే. వంకర లేదు, చాపడం లేదు. వంగని ఒక వేలును కర్రలా ఆరు తీగల మీద అడ్డంగా ఆనిస్తే చాలు. తెర మీద కనిపిస్తున్నది పాట కాదు, మా మామ చెయ్యి.

గిటారుకు అదే శ్రుతి చేసి మరదలికి ఇచ్చాను. చూపుడువేలు అడ్డంగా పెట్టింది. ఎవరూ చూపించలేదు. మణికట్టు తిప్పకుండా భుజాన్నే జరిపింది, మామ జరిపినట్టు. నెలల తరబడి రాని పాట ఒక్క పూటలో వచ్చేసింది. అత్త గడప మీద కూర్చుని వింది గానీ ఆ చేతి వైపు మాత్రం చూడలేదు.

ఆదివారం చర్చిలో ఎక్కడా తడబడకుండా వాయించింది. పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారు. "అచ్చం మీ నాయిన చెయ్యే బిడ్డా!" అని పెద్దవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెప్పారు. చెప్పినప్పుడల్లా ఆమె నవ్వు కొంచెం తగ్గింది.

భోజనాల దగ్గర నా పక్కన కూర్చుంది.

"బావా, నిన్నటిదాంక నాకు సంగీతం రాదనుకున్న."

"నేను గూడ గట్లనే అనుకున్న. నీ పాట ఇన్నోళ్లు ఎవరైనా గట్లనే అనుకుంటరు."

ఆమె నవ్వలేదు. ఎడమ చెయ్యి నా ముందు పెట్టింది. "పొద్దుగాల జర బిగుసుకుంటది గంతే. ఎండెక్కినంక మంచిగైతది."

"పిడికిలి పట్టు."

పట్టింది. వేళ్లకూ అరచేతికీ మధ్య నిమ్మకాయ పట్టేంత జాగా మిగిలింది.

"రేపు నాతోని పాలమూరు రా, దవాఖానల చూపిద్దాం" అన్నాను.

ఎందుకని ఆమె అడగలేదు. "పొద్దుగాల బస్సు ఎన్నింటికి?" అంది.