అవ్వకు పడని పాలు

పాలు పొంగిన వాసన వస్తే నన్ను కన్న మా అవ్వ యాదికొస్తది. పెబ్బేరు సంతల కొన్న బర్రెను పిండి, నురగ పాలు నాకే పోసేది. తాను చుక్క ముట్టకపోయేది. "నాకు పడయి బిడ్డా" అంటే, నా కోసం అబద్ధమాడుతుందనుకున్న. "నువ్వు తాగితేనే నేను తాగుత" అని ఒకనాడు మొండికేసిన. అవ్వ నవ్వుకుంట గిలాసెడు తాగింది. పొద్దుగూకేదాంక కడుపు పట్టుకొని మంచం దిగలే.

ఇప్పుడు నా కొడుక్కీ పాలు పడుతలేవు. వేల ఏండ్ల కింద, పశువుల పాలే తిండైన కాలంల అవి అరిగినోళ్ల పిల్లలే ఎక్కువమంది బతికిండ్రని, ఆ గుణం అందరికీ రాలేదని డాక్టరమ్మ చెప్పింది. పశువులు మేపిన నాయిన తరపు తాత కడుపు నాకొచ్చింది, వీడికి అవ్వది. వాడి కడుపు నిమురుతుంటే, ఇన్నేండ్లకు అవ్వ నా చేతికి దొరికినట్టయితది.