తొర్ర వెనక రంధ్రం

ఇన్నేళ్లుగా మింగలేక, కక్కలేక మోస్తున్న మాట ఇది. ముందు మీకే చెబుతున్నాను.

కరోనా రోజులు. వాటర్‌ఫోర్డ్ అనే విదేశీ ఊళ్లో చదువుకుంటూ, ఊరి బయట ఒక చిన్న పక్షుల పార్కులో పార్ట్‌టైం చేసేవాణ్ణి. పార్కు మూసేశారు. పక్షులకు తిండి మాత్రం ఆగకూడదు. వాటి బాగోగులు చూసే డాక్టర్ అంకుల్‌ది గుంటూరు. డెబ్బై దాటాయి కనుక ఇల్లు కదలొద్దన్నారు. ఆయన కళ్లు నేనే అయ్యాను.

అక్కడ సులవేసి దీవి హార్న్‌బిల్ జంట ఉండేది. మగదానికి నెత్తిన ఎర్రని కొమ్ము, పసుపు ముక్కు, నీలి గొంతు. గుడ్లు పెట్టే వేళ ఆడది తొర్రలో దూరి, తన రెట్టతోనే గుమ్మం పూడ్చుకుని, సన్నని చీలిక ఒక్కటే ఉంచుకుంటుంది. మగది గొంతులో పళ్లు దాచి తెచ్చి, ఆ చీలికలోంచి ఒక్కొక్కటే అందిస్తుంది. అంకుల్ ఏళ్ల తరబడి ఎదురుచూశాక, ఆ వసంతంలో ఆడది చెక్క తొర్రలో తలుపు మూసుకుంది. దాని జోలికి మాత్రం పోవద్దన్నారు.

పోయాను. లోపల వేడి ఎంతో, తేమ ఎంతో తెలియకుండా ఎలా? కొలవనిదాన్ని నమ్మనివ్వని చదువు నాది. వెనకవైపు డ్రిల్లుతో పెన్సిల్ పట్టేంత రంధ్రం వేసి సెన్సర్ దూర్చాను. పక్షి మేలు కోసమా, నా ప్రాజెక్టులో ఒక గ్రాఫ్ కోసమా? గ్రాఫ్ కోసమే.

మర్నాడు గుమ్మం పగిలి ఉంది. తొర్రలో కూర్చున్నాక అలవాటుగా ఈకలు రాల్చుకున్న ఆడపక్షి, ఎగరలేక, నేల మీద. లోపల గుడ్లు చల్లబడిపోయాయి. సెన్సర్ లాగేసి, రంధ్రంలో చెక్క బిరడా కొట్టి, అప్పుడు అంకుల్‌కి ఫోన్ చేశాను.

"తొర్ర దగ్గరికెళ్లలేదు గదరా?"

"లేదంకుల్."



"రాత్రి ఈదురుగాలి గదా. పక్కన చెట్టుకొమ్మ పైకప్పు రేకుల మీద కొట్టుకుంటే బెదిరుంటది. కొట్టిద్దాం కొట్టిద్దాం అంటానే ఉన్నా. నా బద్ధకమేరా."

"అవునంకుల్," అన్నాను.

గాలి నిజం. కొమ్మ నిజం. అందుకేనేమో అబద్ధం అంత తేలిగ్గా నిలబడింది. మగపక్షి మాత్రం ఇంకా ఖాళీ తొర్రలోకి పళ్లు అందిస్తూనే ఉండేది. కింద పేరుకున్న ద్రాక్షపళ్లు ఊడ్చింది నేనే.

ఆంక్షలు సడలాక అంకుల్ మొదట ఆ కొమ్మ నరికించారు. తొర్ర వెనకవైపు చూడలేదు. నా మాట మీద అంత నమ్మకం. తనకు పక్షులు అచ్చిరావని జంటను వేరే దేశం పంపేశారు.

ఇప్పుడు అదే దేశంలో, చెర్రీవుడ్‌లో ఉద్యోగం. పండక్కి ఫోన్ చేస్తే ఇప్పటికీ ఆ కొమ్మ మాట ఎత్తి తనను తానే తిట్టుకుంటారు. నేను వింటాను. వినడం కూడా అబద్ధమే కదా?

ఈ వాక్యం ఇంతవరకు ఎక్కడా రాయలేదు. అంకుల్, గాలి కాదు. నేను.