శనివారం కీరదోస, ఆదివారం మొహమాటం

సింగపూర్‌లో ఎండాకాలం అని వేరే ఉండదు. ఏడాది పొడుగునా ఒకటే ఉక్క. అయినా మే నెల రాగానే మనవాళ్లకు అలవాటుగా ఎండలు గుర్తొచ్చేవి. "ఈ ఆదివారం భోజనానికి ఏదైనా చల్లగా ఉండేది పట్టుకురా" అనేవారు. ఆ చల్లగా ఉండేది తెచ్చే పని నాకు ఎవరు, ఎప్పుడు అప్పగించారో తెలియదు గానీ, వచ్చి నా నెత్తిన కూర్చుంది.

మేం హౌగాంగ్‌లో ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకుని ఉంటున్న రోజులవి. నేనూ మా ఆయనా ఇద్దరం ప్రోగ్రామర్లమే. ప్రతి వారం ఎవరో ఒకరు కొత్త ఉద్యోగం మీద ఇండియా నుంచి దిగేవారు. ఎవరో ఒకరు ఉన్న కంపెనీ వదిలి పక్క కంపెనీకి గెంతేవారు. అలా దిగినవాళ్లకు కందిపప్పు ఎక్కడ దొరుకుతుందో తెలియకముందే మా ఆదివారం భోజనాల సంగతి తెలిసిపోయేది. ఆరేడు కుటుంబాలు, నెలకు రెండుసార్లు, వంతులవారీగా ఒక్కో ఇంట్లో కలిసేవాళ్లం. తలా ఒక వంటకం చేసుకుని వెళ్లాలి.

బిర్యానీ తెచ్చేవాళ్లను ఎవరూ ఏమీ అడగరు. పథ్యాలన్నీ సలాడ్ దగ్గరికొచ్చి నిలబడేవి. ఒకరింట్లో ఉల్లీ వెల్లుల్లీ ముట్టరు. ఒకాయనకు షుగరు. ఒకావిడకు పెరుగు పడదు. ఇంకో కుర్రాడైతే ఆఫీసులో ఏ ఫార్వర్డ్ మెయిల్ వస్తే దాని ప్రకారం తినేవాడు. ఒక వారం పచ్చివి తప్ప ముట్టడు, మరో వారం పచ్చివే విషం అంటాడు. వీళ్లందరికీ సరిపోయేలా వండమంటే తల ప్రాణం తోకకొచ్చేది. అయినా చేసేదాన్ని. ఎందుకంటే అందరికంటే గట్టి పథ్యం మా ఇంట్లోనే ఉంది.

మా అమ్మాయికి వేరుశనగ పడదు. పడదంటే నాలుగు దద్దుర్లు వచ్చి పోవడం కాదు. మూడేళ్లప్పుడు ఎవరింట్లోనో ఇడ్లీకి పల్లీ చట్నీ అంటించి పెడితే, పెదవులు ఉబ్బి, ఊపిరి అందక, టాక్సీలో నా ఒళ్లోనే నీలంగా మారిపోయింది. ఇంకాస్త ఆలస్యమై ఉంటే దక్కేది కాదని డాక్టరు చెప్పింది. అప్పటి నుంచి నా బ్యాగులో పర్సున్నా లేకపోయినా ఇంజెక్షన్ మాత్రం ఉండేది. తమాషా ఏమిటంటే నేను పుట్టింది అనంతపురం జిల్లాలో, వేరుశనగ పండించే ఇంట్లో. ఫోన్లో సంగతి చెబితే మా అమ్మ, "శెనక్కాయలు పడకపోవడమేందే? అవి తినే కదా మీరంతా పెరిగింది?" అని నన్నే కోప్పడింది.

శనివారం మధ్యాహ్నం నుంచి నా చాకిరీ మొదలు. పెసరపప్పు నానబెట్టి, వడగట్టి, పొడిగుడ్డ మీద ఆరబొయ్యాలి. కీరదోసకాయలు నిలువునా చీల్చి గింజలు గీకెయ్యాలి, లేకపోతే తెల్లారేసరికి డబ్బా నిండా నీళ్లే. క్యారెట్ కోరి, కొత్తిమీర కడిగి కాగితంలో చుట్టి, దేనికది విడిగా ఫ్రిజ్‌లో పెట్టాలి. ఉప్పూ నిమ్మరసమూ వేరే సీసాలో ఉండాలి, వడ్డించే నిమిషం దాకా కూరముక్కలకు తగలకూడదు. శనగలు ఉడకబెట్టి ఉల్లితో ఒక డబ్బా, ఉల్లి లేకుండా ఒక డబ్బా. టమాటా, కొబ్బరి కలిపిన మొలకల డబ్బా షుగరున్న ఆయన కోసం. ప్రతి మూత మీదా టేపు అంటించి లోపల ఏముందో, ఏం లేదో రాసేదాన్ని. అన్నింటి మీదా మాత్రం ఎర్ర స్కెచ్ పెన్నుతో ఒకే మాట ఉండేది: "పల్లీలు లేవు".

ఎర్రగా రాస్తే చదివి ఊరుకుంటారనుకోవడం నా అమాయకత్వం.

మొదటి దెబ్బ యూ టీ అనే పేటలో ఒక ఆంటీ ఇంట్లో తగిలింది. మా అందరికంటే పెద్దావిడ, గుంటూరు మనిషి, వంటలో చెయ్యి తిరిగినావిడ. నేను డబ్బాలన్నీ బల్ల మీద పెట్టి, అమ్మాయి చేతులు కడిగించి వచ్చేసరికి ఇల్లంతా కమ్మటి తాలింపు వాసన. వెళ్లి చూస్తే, నా నాలుగు డబ్బాలనూ ఒకే బేసిన్‌లో బోర్లించి, పైన వేయించిన వేరుశనగ గుళ్లతో తిరగమోత పెడుతోంది.

"ఆంటీ! మూత మీద రాశాను కదా!"

"చూశాలేమ్మా. మరీ చప్పగా ఉంటే నలుగురిలో నీకే నామోషీ అని కాస్త తిరగమోత వేశా. గుళ్లు ఏరి పక్కన పెడితే పిల్ల తినదూ?"

ఉల్లి తిననివాళ్లది, తినేవాళ్లది, షుగరాయనది, మా పిల్లది, అన్నీ ఒకే బేసిన్‌లో ఏకమైపోయాయి. నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరిస్తే ఏమంటానో అని నాకే భయమేసి, సంచిలోంచి అరటిపండు తీసి అమ్మాయికి పెట్టాను. అందరూ బిర్యానీ తింటుంటే అది ఆ పండుతోనే భోజనం ముగించింది. తప్పు చేసింది ఆవిడ, పైగా ఆ పూటంతా మూతి ముడుచుకుని కూర్చున్నదీ ఆవిడే.

రెండోది ఇంకా ఘోరం. బిషాన్‌లో కొత్తగా దిగిన ఒక కరీంనగర్ దంపతుల ఇల్లు. ఆ అమ్మాయి ఎంత మంచిదంటే, వచ్చినవాళ్లకు పెట్టి పెట్టి చంపేస్తుంది. అత్తగారు పంపిన పల్లి పట్టీల డబ్బా పట్టుకుని పిల్లల దగ్గరికి వెళ్లింది. మా అమ్మాయికి అప్పటికి ఏడేళ్లు. గదికి ఈ చివర నుంచి నాకు మాటలు వినిపిస్తున్నాయి.

"నో థాంక్యూ ఆంటీ. నాకు అలర్జీ."

"మా ఇంట్ల మొహమాటమేంది బిడ్డా? ఒక్కటి తీస్కో."

"కెనాట్ లా, ఆంటీ" అంది, స్కూల్లో పట్టిన సింగపూర్ ఇంగ్లీషులో.

"ఒక్కటికేమైతది? తీస్కోకుంటే ఆంటీ బాధపడ్తది మరి."

నేను జనాన్ని దాటుకుని వెళ్లేలోపు ఇంకో రెండుసార్లు వద్దంది. ఆ తర్వాత చెయ్యి చాపింది. తినలేదు, బతికించింది. ఆ పట్టీని గుప్పిట్లో పట్టుకుని, కళ్లనిండా నీళ్లతో నా దగ్గరికి నడిచి వచ్చింది.

"ఐ సెడ్ నో ఆల్రెడీ, అమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి?"

అరచెయ్యి అప్పటికే ఎర్రగా కందింది. కుళాయి కింద పెట్టి సబ్బుతో రెండుసార్లు కడిగాను. నిజానికి నాకు ఆ కరీంనగర్ అమ్మాయి మీద కంటే నా మీద నాకే కోపం వచ్చింది. మనవాళ్లలో వడ్డించగానే ఊ అన్నవాడు కక్కుర్తిగాడు. ఒకసారి వద్దంటే మర్యాద, రెండోసారి వద్దంటే మొహమాటం, మూడోసారీ వద్దంటే బెట్టు. ఎన్నోసారికి అది నిజంగా వద్దని అర్థమో ఎవరూ ఎవరికీ చెప్పి చావరు. పెద్దవాళ్లు ప్రేమగా పెడితే కాదనకూడదని ఈ పిల్లకు నేర్పింది నేనే. ఆ మర్యాద ఒకరోజు దాని ప్రాణం తీస్తుంది.

మర్నాటి నుంచి ఇంట్లో తాలీము మొదలుపెట్టాను. ఆఫీసు నుంచి రాగానే నేను ఆంటీని, అది అతిథి. గరిటె పట్టుకుని సోఫా చుట్టూ వెంటపడేదాన్ని. "తిను బంగారం, నా మీద ఒట్టు, ఒక్క ముద్ద" అంటూ బతిమాలేదాన్ని.

"ఒక్కసారే వద్దను" అని చెప్పేదాన్ని. "కారణం చెప్పకు, చెబితే వాదన పెట్టుకుంటారు. మళ్లీ పెట్టబోతే ప్లేటు వెనక్కి లాక్కో. ఎవరు బాధపడినా సరే."

"ఎవ్రీబడీ సేమ్ రూల్, అమ్మా? ఆంటీ, అంకుల్, అందరూ?"

"అందరికీ ఒకటే రూలు."

నాలుగు రోజులకు అది బాగా ఆరితేరింది. నేను ఎంత బతిమాలినా ప్లేటు కదిలేది కాదు. అప్పటికి గానీ నా గుండె కుదుటపడలేదు.

తర్వాతి వంతు మాది. మా ఇల్లు కాబట్టి నా డబ్బాలకు తిరగమోతల భయం లేదు. శనివారమంతా కష్టపడి ఆరు రకాలు చేశాను. కీరదోస ముక్క ఒక్కటీ నీరు కారలేదు, కొత్తిమీర కోసినప్పటిలాగే ఉంది. టేపులన్నీ బయటికి కనబడేలా బల్ల మీద వరసగా పేర్చి, నా అంత బాధ్యత గల మనిషి ఈ దీవిలోనే లేదన్నంత ధీమాగా నిలబడ్డాను.

ఆ రోజు ఎదురు బ్లాకులో ఉండే పెద్ద దంపతులను కూడా మొదటిసారి పిలిచాం. ముప్ఫై ఏళ్లుగా సింగపూర్‌లోనే ఉన్నవాళ్లు, వాళ్ల తెలుగులో తమిళం కలిసిపోయి ఉండేది. అంకుల్ మితభాషి. ప్లేటులో అన్నం, కాస్త సొరకాయ కూర పెట్టుకుని ఒక మూల కూర్చున్నాడు. పక్కనే ఆంటీ, మా అమ్మాయి. నేను మొలకల డబ్బా, గరిటె పట్టుకుని వెళ్లాను.

"పోదుమ్మా, నాకిది చాలు" అన్నాడాయన.

"సలాడే కదా అంకుల్! నూనె లేదు, కారం లేదు. షుగరున్నవాళ్లు కూడా తింటారు."

"వద్దులేమ్మా."

"నిన్నటి నుంచి కూర్చుని చేశాను అంకుల్. మీరు రుచి కూడా చూడకపోతే నాకెంత బాధగా ఉంటుంది? రవ్వంత."

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ తల వంచుకుంది. నేను గరిటె నింపుకుని అలాగే నిలబడి ఉన్నాను. చివరికి ఆయన నవ్వబోయి, ప్లేటు నా వైపు జరిపాడు.

"సరే, కొంచెం పెట్టమ్మా."

గరిటె వంచేలోపు మా అమ్మాయి ఆయన ప్లేటును రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగేసింది.

"అమ్మా, అంకుల్ సెడ్ నో."

నాకు ముందు వచ్చింది కోపమే, దాచను. నా ఇంట్లో, ఇంతమందిలో, కన్నకూతురు నా పరువు తీసిందని మొహం మండిపోయింది. "పెద్దవాళ్ల మధ్యలో నీకెందుకే? అంకుల్ మొహమాటపడుతున్నారు, అంతే. వదులు" అన్నాను. గట్టిగానే అన్నాను. అది వదల్లేదు.

అప్పుడు ఆంటీ తల ఎత్తకుండానే మెల్లగా చెప్పింది. "ఆయనకు కిడ్నీలు బాగా లేవమ్మా. టమాటా, కొబ్బరి, ఈ మొలకలు, అన్నీ మాన్పించేశాడు డాక్టరు. పోయిన నెలంతా ఆస్పత్రిలోనే ఉన్నాం."

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదా ఆంటీ!" నా గొంతు నాకు తెలియకుండానే లేచింది.

ఆవిడకు కోపం రాలేదు. నా ప్రశ్న అర్థం కానట్టు ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది.

"రెండుసార్లు వద్దన్నారు కదమ్మా."