అమ్మమ్మ కట్టుడు పళ్లు

తాత పోయాక అమ్మమ్మ పాతగూడెం వదిలి మహారాష్ట్రలోని మా ఊరికి, మా ఇంటికి వచ్చేసింది. రాకముందే నేను సిరోంచలో ఆమెకు కట్టుడు పళ్లు పెట్టించాను. “మీ ఊర్ల ఎవ్వలకు చెప్పకు. ముసల్దానికి సోకులేందంటరు” అని నాతో ఒట్టు వేయించుకుంది. సోకే మరి, అద్దం ముందు నవ్వుకోవడం ఎన్నిసార్లు చూశానో!

రెండేళ్లు బాగానే గడిచాయి. ఆ వానాకాలం పక్కింటి పసిపాపకు జ్వరం పట్టుకుని వదల్లేదు. అంతకు ముందురోజే అమ్మమ్మ ఆ పిల్లను ఎత్తుకుని ముద్దాడింది. ఇంకేం, బయటినుంచి వచ్చిన ముసలిది మంత్రాలు చేసిందన్నారు. మా వైపు దీనికొక పద్ధతి ఉంది, చెప్పడానికే సిగ్గేస్తుంది. మంత్రగత్తె పళ్లు పీకేస్తే అక్షరం సరిగ్గా పలకదట, పలకని మంత్రం పారదట.

మిట్టమధ్యాహ్నం పాప తండ్రి పట్కారు పట్టుకుని, నలుగురిని వెంటేసుకుని వాకిట్లోకి వచ్చాడు. అడ్డం వెళ్లిన నన్ను ఇద్దరు గోడకు అదిమిపట్టారు.

“నోరు తెరువ్ అవ్వా” అన్నాడు.

తెరిచింది. వేళ్లు పెట్టి పై వరుస, కింది వరుస తీసి అతని అరచేతిలో పెట్టింది. తడి తగలగానే అతను కింద పారేశాడు.

“మీ ఊరు జూడకముందే ఊడినయ్ నా పండ్లు. ఇగ పీకు, ఏం పీకుతవో.”

వాళ్లు ముఖాలు చూసుకున్నారు. “పండ్లే లేవు, మంత్రమెట్ల పారుతది? తప్పయింది అవ్వా” అని అందులో పెద్దవాడు దండం పెట్టాడు. నా ప్రాణం లేచివచ్చింది.

“తప్పయిందా? పండ్లుంటే పీకుతుంటిరి గద! ఆ పట్కారు అవతల పారేసి, పిల్లను దవాఖానకు తీస్కపో” అంది అమ్మమ్మ.

సాయంత్రం కులపెద్దలు వచ్చి “ఏం కాలేదు గద, పోనియ్” అన్నారు. తెల్లారి లేస్తే చూడాల్సినవి ఆ ముఖాలే. భయపడి నేనూ “పోనీ అమ్మమ్మా” అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం.

అమ్మమ్మ పళ్లు కడిగి పెట్టుకుంది. “నాకు లేవు గాబట్టి ఇడిసిండ్రు. రేపు పండ్లున్నదాని ఇంటికి పోతరు” అంది.

పొద్దున్నే బస్సెక్కి ఠాణాకు వెళ్లాం. నేను మరాఠీలో చెప్పబోతే చెయ్యి పట్టి ఆపింది. ఆ ఐదుగురి పేర్లూ ఇంటిపేర్లతో సహా తనే చెప్పింది, ఒక్క అక్షరం జారిపోకుండా.