వరలక్ష్మి బండిలో దేవుడి గూడు

నిన్న పొద్దున్న ఫ్యామిలీ గ్రూపులో ఫోటో వచ్చింది. వరలక్ష్మి ఫోటో. కింద దీపం బొమ్మ.

పెట్టింది వాళ్ళన్న.

చివరిచూపుకి బయల్దేరాను. బొబ్బిలిలో బస్సెక్కాక నాకు ఒక్కటే గుర్తొస్తూ ఉంది. "అమ్మతోపాటు నిన్నూ కాశీ తీసుకెళ్తాను" అని ఆ అన్న ఆమెకిచ్చిన మాట. నలభై ఏళ్ళ కిందటి మాట.

తీరా బయల్దేరే రోజున "ఆవుల్ని ఎవులు సూస్తారే?" అన్నాడు. ఆమె సీటులో తన బావమరిదిని కూర్చోబెట్టాడు. పెట్టె సర్దుకుని అరుగు మీద కూర్చున్న ఆ పిల్లని నేను చూశాను.

వరం నా మేనత్త కూతురు. శ్రీకాకుళంలో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది. భర్త పోయాక ఒక్కతే ఉండేది.

పేగు ఆపరేషన్ తర్వాత ఆమెకు గంటకోసారి బాత్రూమ్ కావాలి. శ్రీకూర్మం వెళ్ళాలన్నా దారిలో ఎవరింట్లో ఆగాలో ముందే ఫోన్ చేసుకునేది. రైల్లో తలుపు ముందు క్యూ కట్టడం ఆమె వల్ల కాదు. ఆమె ఇది ఎవరి దగ్గరా దాచలేదు. నేనెందుకు దాచాలి?

అందుకే మంచం, పొయ్యి, బాత్రూమ్ లోపలే ఉండే కారవాన్ కట్టించుకుని కాశీ వెళ్ళాలనుకుంది.

రెండేళ్ళు రీసెర్చ్ చేసింది. వీడియోలు ఆపి ఆపి చూస్తూ నోట్‌బుక్‌లో బొమ్మలు గీసింది. నీళ్ళ ట్యాంకు ఎంతుండాలి, మురుగు ఎక్కడ ఖాళీ చెయ్యాలి, బ్యాటరీ మీద ఫ్యాన్ ఎన్ని గంటలు తిరుగుతుంది, ఆర్టీఓ దేనికి ఒప్పుకుంటాడు. నేను బతుకంతా పుస్తకాల్లో గడిపినవాణ్ణి. అంత శ్రద్ధగా చదివిన మనిషిని ఇంకొకరిని చూడలేదు.

ఒక రోజు వాకిట్లో ముగ్గుపిండితో బండి నేలని అసలు కొలతల్లో గీసింది. తోడు వస్తానన్న నన్ను మంచం ఉండేచోట పడుకోమంది. టాయిలెట్ ఉండేచోట ప్లాస్టిక్ స్టూలు వేసుకుని తను కూర్చుంది.

"బావా, మోకాలు తగుల్తన్నాది. నీ మంచం రెండంగులాలు కొయ్యాల."

"మరి నా కాళ్ళు ఏటి సెయ్యను?"

"మడిసి పడుకో. కాశీ దాకా సాపుకొనే వస్తావేటి?"

ఎదురింటివాళ్ళు నవ్వారు. ఆమె చివరిదాకా కొలిచాకే లేచింది.

సెకండ్‌హ్యాండ్ వ్యాన్ ఒకటి కొని, విజయనగరంలో బండ్లకి బాడీ కట్టే ఒక షెడ్డులో ఇచ్చింది. తన బొమ్మని మేస్త్రి గోడకి తనే అంటించింది.

వాళ్ళన్న ఊళ్ళో రామాలయం ధర్మకర్త. మాకు చెప్పకుండా షెడ్డుకెళ్ళాడు. పొయ్యికి మూడడుగుల్లో మరుగుదొడ్డి ఏమిటన్నాడట. చెల్లెలు తెలీక గీసింది, పెద్దవాణ్ణి నేను చెప్తున్నాను అన్నాడట. మేస్త్రి నమ్మేశాడు.

బండి రెడీ అయిందని ఫోనొస్తే ఇద్దరం వెళ్ళాం.

టాయిలెట్ ఉండాల్సిన చోట టేకు చెక్కతో దేవుడి గూడు. ఇత్తడి గంటలు. పటం, పటానికి దండ. వాళ్ళన్న అప్పటికే వచ్చి కొబ్బరికాయ కొట్టి, దీపం పెట్టి వెళ్ళిపోయాడు.

వరం మేస్త్రిని పిలిచింది. అది తీసేసి తన బొమ్మలో ఉన్నది కట్టమంది.

మేస్త్రి చేతులు జోడించాడు.

"దీపమెట్టిన గూడు పీకి ఆ సోట దొడ్డి కట్టమంటే నా సెయ్యి రాదమ్మా."

ఇంకో మూలన కట్టిద్దామంటే మురుగు ట్యాంకు గూడున్న మూల కిందే బిగించి ఉంది. ఇంకో మూడు షెడ్లు తిరిగాం. గూడు చూడగానే అందరూ చెప్పులు విప్పారు. పని ఎవరూ ముట్టలేదు.

సుత్తి నేనే పట్టుకోవచ్చు. నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అయినా నా చెయ్యి కూడా రాలేదు. నిజం రాస్తున్నప్పుడు అదీ రాయాలి.

ఆమె అన్నకి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను.

"దేవుడికి సోటిచ్చావు. మరి నేనెక్కడికెల్లాల?"

"దారంతా పెట్రోలు బంకులున్నాయి కదే," అన్నాడు.

ఆమె ఫోన్ పెట్టేసింది. ఎనిమిది నెలలు ఆ బండి ఆమె వాకిట్లో టార్పాలిన్ కింద ఉంది. నిన్న తెల్లారుజామున వరం గుండె ఆగి పోయింది.

నిన్న శ్మశానంలో ఆ పెద్దమనిషి ఏడుస్తూ అందరికీ చెప్పాడు. చెల్లెలి అస్థికలు ఆ బండిలోనే కాశీ తీసుకెళ్తాడట. దేవుడి గూట్లోనే పెడతాడట. చెల్లెలి కోరిక తీరుస్తాడట. జనం ఆయన భుజం తట్టారు.

ఇప్పుడామెకు బాత్రూమ్ అక్కర్లేదు కదా.

గ్రూపులో పెడితే ఇది ఐదు నిమిషాల్లో మాయమవుతుంది. అడ్మిన్ ఎవరో అందరికీ తెలుసు. అందుకే నా వాల్ మీద పెడుతున్నాను. బంధువులు నొచ్చుకుంటే నొచ్చుకోనీ.

వరం, ఎక్కడ ఆగాలో చూసుకోనక్కర్లేకుండా, ఎవరినీ అడక్కుండా వెళ్ళు. నీకు శాంతి కలగాలి.

నిన్ను కాశీ చూడనివ్వని మనిషి పేరు సింహాచలం.