ఉన్నట్టుండి ‘గారు’

మా పేపర్లో ప్రూఫ్‌రీడర్‌ని ఆఫీసంతా బాబాయి అంటుంది. మర్యాద చూపిస్తే అనుమానించడం ఆయన జబ్బు. నిన్నటిదాకా ‘నువ్వు’ అన్నవాడు ఇవాళ ‘మీరు’ అన్నాడంటే, ఏదో వెధవపని చేసి వచ్చాడన్నమాటే.

ఈ విద్య ఆయనకు ఒక కంప్యూటర్ ఆట నేర్పింది. ఒక బంగళా, ఒక శవం, బోలెడుమంది బంధువులు. కాల్పులు, పరుగులు ఉండవు. అందరితో మాట్లాడి హంతకుణ్ణి పట్టుకోవాలి. ఎవరో దాన్ని తెలుగు చేశారు. అందులో తోటమాలిని ‘ఏరా’ అని పిలిచే మేనల్లుడు ఉన్నట్టుండి ‘ఏమండీ’ అన్నాడు. వాడేనన్నాడు బాబాయి. వాడే అయ్యాడు.

ఆ తర్వాత ఆఫీసులో మర్యాదగా మాట్లాడే ధైర్యం ఎవరికీ లేకపోయింది. టీ తాగుదామా బాబాయిగారూ అన్న పాపానికి, ఒక రిపోర్టరు ఆయన గొడుగు పోగొట్టింది తనేనని ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఆ ఆటతో చిక్కేమిటంటే, తలుపు తియ్యమన్నా పాత్రలు తాతలనాటి కథ ఎత్తుకుంటాయి. మధ్యలో లేవబుద్ధి కాదు. తీరా హంతకుడెవరో తెలిశాక మళ్లీ ఆడటానికి ఏమీ మిగలదు. బాబాయి రెండో భాగం మొదలుపెట్టాడు, అదీ ఆఫీసులోనే.

అంతలో మా పరువు పోయింది. ఒక రిటైర్డ్ మాస్టారు చనిపోయిన స్నేహితుడి గురించి నివాళి రాసిస్తే, పోయినాయన ఫోటో బదులు మాస్టారి ఫోటో వేశాం. ఆయన స్వయంగా వచ్చారు.

“ఫోను తియ్యాలంటే సిగ్గేస్తోంది బాబూ. బతికే ఉన్నానని ఎంతమందికి చెప్పుకోను?”

న్యూస్ ఎడిటర్ని నేను. తలెత్తలేకపోయాను.

తప్పు చేసినవాళ్లు ఇంటికి పోవాల్సిందేనన్నాడు ఎడిటర్. ఆ పేజీ మీద చాలా చేతులు పడ్డాయి, ఎవరికి వాళ్లు పక్కవాళ్ల వైపు చూశారు. పేజీలు పెట్టే అమ్మాయి కొత్తగా చేరింది, ఇంకా ఉద్యోగం ఖాయం కాలేదు. మంచినీళ్లు కావాలా బాబాయిగారూ అని ఆ అమ్మాయి అడగడం నేను విన్నాను. బాబాయీ విన్నాడు. కానీ విననట్టు తల దించుకున్నాడు.

సాయంత్రం నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఆయనకు నేను ‘ఒరేయ్ అబ్బాయ్’నే.

“న్యూస్ ఎడిటర్‌గారూ, ఒక్క నిమిషం.”

“బాబాయ్, ఫోటో పెట్టింది నువ్వు కాదు.”

“ఈ ఫోటో సరైనదేనా అని ప్రూఫ్ తెచ్చి మరీ అడిగిందండీ పిల్ల. తెరమీంచి కళ్లు తియ్యకుండా, పంపించెయ్యమ్మా, ఇక్కడ హంతకుడు దొరకబోతున్నాడు అన్నాను.” ఆయన చెవులు ఎర్రబడ్డాయి. “చూడాల్సిన పని నాది. నా పేరే చెప్పండి.”

చెప్పాను. బాబాయిని పంపిస్తే అచ్చుతప్పులు ఎవరు చూస్తారని ఎడిటర్ చివాట్లతో సరిపెట్టాడు. అమ్మాయి మాట అసలు రానేలేదు. మర్నాటి సవరణ బాబాయే రాసి, పేపరు పట్టుకుని మాస్టారింటికి వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. క్షమించేశాక, ఇంతకీ కళ్లు కనపడకుండా చేసిన ఆ ఆట ఏమిటని ఆయన అడిగారట.

ఇప్పుడు ఆదివారాలు ఇద్దరూ కలిసి ఆడుతున్నారు. బాబాయి బంధువులనందరినీ ప్రశ్నిద్దామంటాడు. మాస్టారు ఒప్పుకోరు.

“ముందు ఆ పోయినాయన నిజంగా పోయాడో లేదో తేలనివ్వవయ్యా.”